అత్తగారి పంటి రంగు

ఆ ఆదివారం పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా అత్తగారి ఫోటో ఇంట్లోనే ప్రింటు తీయాలి, ఫ్రేములో బిగించాలి, సాయంత్రం నాలుగు లోపల ఆవిడ పనిచేసిన బడికి అప్పజెప్పాలి. అక్కడి హాల్లో పాత హెడ్మిస్ట్రెస్‌లందరూ వరసగా గోడకి వేలాడుతున్నారు. రిటైరై నెల తిరక్కముందే అత్తగారూ ఆ వరసలో చేరబోతున్నారు. ఆవిడ ఏనాడూ బెత్తం పట్టలేదు. తప్పు చేసిన పిల్లాడి చేత ఆ తప్పు కిందే పేరు రాయించేవారు. బెత్తమే నయమని పిల్లలు అనుకునేవారు.

అసలు మెలిక వేరే ఉంది. నాలుగేళ్ల క్రితం ఆవిడ ముందుపళ్లు రెండు అల్లుడే కట్టాడు. ఆ తర్వాత దిగిన ప్రతి ఫోటోలోనూ ఆవిడ కంటే ముందు ఆ పళ్లే వచ్చి నిలబడుతున్నాయి. "పళ్లలో లోపం లేదండీ, ప్రింటులో ఉంది," అంటూ డాక్టరు స్టూడియోని, ఫోన్ని, ట్యూబులైటుని వరసగా ముద్దాయిల్ని చేశాడు. అత్తగారు అతని ముందు నవ్వడం మానేశారు. ఈ ఫోటోలో నవ్వారంటే, సరిగ్గా ఆ క్షణంలో మామగారు కుర్చీలోంచి జారారు కాబట్టి. స్టూడియో ప్రింటులో ఆ మొహం కాస్తా వంకాయ రంగుకి తిరిగింది.

"ఈసారి యంత్రంతో కొలిచి తీస్తాను అత్తయ్యగారూ. ఉన్న రంగు ఉన్నట్టు వస్తుంది. యంత్రం అబద్ధం చెప్పదు."

"చూద్దాం," అన్నారు అత్తగారు, పెదవులు విప్పీ విప్పకుండా.

ఇంట్లో ఉన్న ప్రింటరు, ఇంకు, కాగితం ముగ్గురూ కలిసి ఏ రంగుని ఎలా పాడుచేస్తారో ముందు కనిపెట్టాలి. అందుకు తొమ్మిది వందల రంగు గడుల పట్టిక ప్రింటు తీసి, ఆరబెట్టి, గడిగడినీ పరికరంతో కొలవాలి. ఆ కొలతలతో కంప్యూటరు కలర్ ప్రొఫైల్ కడుతుంది. ప్రింటరు చేసే తప్పుల జాబితా అన్నమాట. ఫోటో ఆ జాబితా ప్రకారం దిద్దుకుని బయటికొస్తుంది. పరికరం స్నేహితుడి దగ్గర ఒక్క రోజుకి అరువు. కాగితం కొట్లో ఆఖరి రెండు షీట్లే దొరికాయి. ఒకటి పట్టికకి, ఒకటి ఫోటోకి.

"ముందు ప్రింటరు సొంత తెలివి ఆపేయాలి," అని డాక్టరు ఏదో సెట్టింగు మార్చాడు.

"అలాంటి మీట మొగుళ్లకి పెట్టలేదేం," అంది భార్య.

పట్టికని వరండా బల్ల మీద ఆరబెట్టి స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

"మామయ్యగారూ, ఇక్కడ రంగుల కాగితం..."

"పెయింటరు పట్టుకెళ్లాడు బాబూ. గేటుకి ఏ రంగు, ఏ రంగు అని ప్రాణం తీస్తున్నాడు. మీరు రంగుల కార్డు తెప్పించారు కదా అని చూసి చెప్పాను. నాలుగో వరస, పన్నెండో గడి. తళతళలాడుతోంది."

"అది కార్డు కాదండీ."

"తొమ్మిది వందల రంగులుంటే కార్డు కాక శుభలేఖా?"

డాక్టరు లాప్‌టాప్ చంకన పెట్టుకుని, పరికరం జేబులో కుక్కుకుని రంగుల కొట్టుకి స్కూటరెక్కాడు. పెయింటరు డబ్బా కలిపించుకుని వెళ్లిపోయాడట. కొట్టు యజమాని మాత్రం కొత్త కార్డు కదా అని పట్టికని గోడమీది బోర్డుకి జిగురు పూసి అంటించేశాడు. పీకితే చిరుగుతుంది. ఇంకో షీటు లేదు. డాక్టరు అక్కడే స్టూలెక్కి మొదటి వరస మీద పరికరం జరపడం మొదలుపెట్టాడు. వరస పూర్తయినప్పుడల్లా అది కీచుమంటుంది. మధ్యలో ఆగితే ఆ వరస మళ్లీ మొదటికొస్తుంది.

కీచు వినగానే యజమాని లేచి నిలబడ్డాడు. "కంపెనీ తనిఖీయా సార్? ఒక మాట ముందు చెప్పొద్దూ," అని ఫ్యాను ఇటు తిప్పాడు.

ఒక పెద్దమనిషి గోడ పెచ్చు తెచ్చి డాక్టరు ముక్కు ముందు పెట్టాడు. "కార్డులో ఆకాశం, మా గోడ మీద పాచి. కొలిచి రాసివ్వండి."

"నేను కంపెనీ మనిషిని కాదండీ. పళ్ల డాక్టర్ని."

పెద్దమనిషి ఒక్క క్షణం ఆలోచించి నోరు తెరిచాడు. "అయితే ఈ దవడపన్ను సంగతి చూడండి."

అతని వెనక ఇంకో నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి. ఒక చేత్తో గడులు కొలుస్తూ, ఒక కన్ను దవడల మీద వేస్తూ, ఆఖరి వరస ముగించేసరికి మధ్యాహ్నం మూడైంది.

ఇంటికొచ్చి రెండు చేతులతో గేటు తోశాడు.

"ముట్టుకోకండి సార్, తడి," అన్నాడు పెయింటరు, ముట్టుకున్నాక.

"ఆ చేతులతో కాగితం జోలికి రాకండి," అంది భార్య. "పైకెత్తి నిలబడండి. దొంగలా ఉన్నా ఫర్వాలేదు."

తెల్లటి అరచేతులు గాల్లో పెట్టి డాక్టరు చెబుతుంటే, భార్య ప్రొఫైల్ ఎక్కించి ఆఖరి షీటు పెట్టింది. ఫోటో అంగుళం అంగుళం బయటికొచ్చింది. చీర చీర రంగులోనే ఉంది. చెంపలు మనిషి చెంపల్లా ఉన్నాయి. వంకాయ జాడ లేదు.

"అచ్చు మా మనిషే," అన్నారు మామగారు.

పెయింటరు కిటికీలోంచి తొంగిచూశాడు. "బ్రహ్మాండంగా ఉందండీ. పళ్లు రెండూ మన గేటు రంగే వేశారు."

"ఆ యంత్రం పెట్టి చూడవే," అన్నారు అత్తగారు కూతురితో.

కూతురు ఫోటోలోని ముందుపన్ను మీద పరికరం ఆనించి, పట్టిక కొలతలతో పోల్చింది. "నాలుగో వరస, పన్నెండో గడి." పక్క పన్ను మీద పెట్టింది. "ఇది ఇంకో రంగు. తొమ్మిదో వరస, మూడో గడి."

"అంటే... ప్రింటులో..." అని అలవాటుగా మొదలుపెట్టి డాక్టరు ఆగిపోయాడు. ఆ ప్రింటు తీసింది తనే.

"యంత్రం అబద్ధం చెప్పదు," అని అత్తగారు నవ్వారు. అల్లుడి ముందు, నాలుగేళ్ల తర్వాత, పళ్లన్నీ కనిపించేలా. "రేపు పొద్దున్నే ఈ రెండూ మార్చండి అల్లుడుగారూ."

"తప్పకుండా అత్తయ్యగారూ. మార్చాక కొత్త ఫోటో దిగి, బడికి అదే..."

"అక్కర్లేదు, ఇదే వెళ్తుంది. ముందు చేతులు తుడుచుకుని, పెన్ను తీసుకోండి."

పళ్లు మర్నాడే మారాయి. బడి హాల్లో కింద రెండు పేర్లున్న ఫోటో మాత్రం ఇప్పటికీ అదొక్కటే.