పాట వినకూడని తీర్పరి

ఒక పెద్ద అడవిలో పులి బాధ లేదు, వేటగాడి బాధ లేదు, తిండికీ నీళ్ళకీ లోటు లేదు. కావలసినంత తీరిక. అందుకని అక్కడి జంతువులు సంగీతం గురించి కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

అడవి మధ్యలో ఒక వాగు ఉంది. పడమటి గట్టున కప్పల మేళం, తూర్పు గట్టున కీచురాళ్ళ మేళం. తొలకరి పడిందంటే రెండూ పాట అందుకునేవి. పడమటి గట్టువాళ్ళ లెక్కలో కప్పలు పాడేదే పాట, అవతలిది గోల. తూర్పు గట్టువాళ్ళ లెక్కలో కీచురాళ్ళు పాడేదే పాట, అవతలిది రొద.

కప్పల అభిమానులు తలమీద తామరాకు పెట్టుకునేవారు. కీచురాళ్ళ అభిమానులు చెవిలో గడ్డిపువ్వు పెట్టుకునేవారు. తమ మేళం కాస్త ఊపిరి తీసుకుందంటే చాలు, ఈలలూ కేకలూ గంతులూ. ఆ హోరులో అవతలి గట్టు పాట ఇవతలి గట్టున ఎవరి చెవినీ పడేది కాదు. పడాలని ఎవరూ కోరుకోలేదు కూడా.

ఆకూ పువ్వూ రెండూ లేని ప్రాణి ఆ అడవిలో ఒక్కటే. వాగు మధ్య ఇసుకతిన్నె మీద ఉండే ముసలి తాబేలు, డిప్పమ్మ. రెండు గట్ల హోరూ కలిసి, అక్కడికి ఏ పాటా తెలిసేది కాదు.

డిప్పమ్మకి ఈమధ్య ఒక దిగులు పట్టుకుంది. పొద్దున తిన్న నాచు మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. పలకరించడానికి వచ్చిన ఉడుతని పట్టుకుని, దాని అమ్మమ్మ పేరుతో పిలిచి, కాన్పు ఎలా జరిగిందని అడిగింది. అది నవ్వేసి ఊరుకుంది గానీ, డిప్పమ్మకి రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఎవరేమడిగినా, సమాధానం తోచకపోతే, తల గబుక్కున డిప్పలోకి లాక్కునేది. లోపల చీకట్లో తడుముకునేది.

"ఉష్! అవ్వ ఆలోచిస్తోంది" అనుకునేవారు బయట.

అవ్వ తడుముకుంటుండగానే, అడిగినవాడికి తన సమాధానం తనకే తట్టేది. "ఎంత బాగా చెప్పావవ్వా!" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. అలా మరుపు పెరిగేకొద్దీ డిప్పమ్మకి పేరూ పెరిగింది.

ఏ మరుపునైనా ఆమె సర్దుకునేది గానీ, ఒక్కదాన్ని మాత్రం సర్దుకోలేకపోయింది. చిన్నప్పుడు ఉరుమొస్తే ఆమె భయపడి డిప్పలో దూరేది. అప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఒక పాట పాడేది.

"మబ్బు మామ మూట విప్పె, వాగు పిల్ల గంతులేసె..."

ఆ తర్వాత పాదం? గుమ్మందాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా, నాలుక కొసదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. అమ్మ మొహం ఎప్పుడో చెరిగిపోయింది. మిగిలింది గొంతు ఒక్కటే. ఆ పాదం కూడా పోతే గొంతూ పోతుందని డిప్పమ్మ భయం.

అలాంటి రోజుల్లో అడవి సభ కార్యదర్శి నక్క ఇసుకతిన్నె మీదకి వచ్చింది.

"అవ్వా, అడవి రెండుగా చీలిపోయింది. నిన్న ఒకే పొదలో ఉంటున్న కుందేలు ఆలుమగలు విడిపోయారు. ఆయనకి ఆకు, ఆవిడకి పువ్వు. ఏ మేళం గొప్పదో తేల్చడానికి మహాసభ పెడుతున్నాం. తీర్పరివి నువ్వే."

"నాకెందుకు నాయనా ఈ వయసులో?"

"ఆలోచించడంలో నిన్ను మించినవాళ్ళెవరవ్వా! గంటసేపు ఆలోచిస్తావు!"

వద్దనబోయి డిప్పమ్మ ఆగింది. తీర్పరి ముందు మేళాలు పాడాలి కదా. కొత్తవీ పాతవీ అన్నీ పాడతాయి. ఏ మూలనుంచైనా ఆ రెండో పాదం వినపడకపోతుందా?

"సరే నాయనా, వస్తాను" అంది.

నక్క సంబరంగా తోక ఊపుకుంటూ వెళ్ళింది. వాగు దాటేటప్పుడు తలమీది తామరాకు తీసి చంకలో పెట్టుకుని, చెవిలో గడ్డిపువ్వు దోపుకున్నట్టు కనిపించింది డిప్పమ్మకి. ఇదివరకు కూడా ఇలాగే చూసినట్టు గుర్తు. పడమటి గట్టున ఆకుతో ఉపన్యాసం, తూర్పు గట్టున పువ్వుతో ఉపన్యాసం. అయితే తన గుర్తుని తనే నమ్మే స్థితిలో లేదు పాపం. 'చూశానా, కలగన్నానా' అనుకుని తల లోపలికి లాక్కుంది.

నిజానికి ఆమె చూసింది నిజమే. రెండు అభిమాన సంఘాలకీ అధ్యక్షుడు ఆ నక్కే. అభిమాని అనేవాడు ఆకు ఉందా పువ్వు ఉందా అని చూస్తాడు గానీ, దానికింద తల ఎవరిదో చూడడు. గెలిచిన సంఘం అధ్యక్షుడికి సింహరాజుగారి పక్కన రాతి పీట వేస్తామని సభ తీర్మానించింది. ఏ మేళం గెలిచినా పీట ఎవరిదో ఒక్క నక్కకే తెలుసు.

సభ రోజు వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. ఇటు తామరాకులు, అటు గడ్డిపువ్వులు, మధ్య ఇసుకతిన్నె మీద డిప్పమ్మ. సింహరాజుగారు సభని ప్రారంభించి నిద్రపోయారు.

ఆ రోజుకి ఆకూ పువ్వూ రెండూ దాచేసుకుని, ఉత్త కార్యదర్శిగా లేచి నిలబడింది నక్క.

"మొదటి నియమం. తీర్పు వెలువడేదాకా ఏ మేళమూ నోరు మెదపరాదు. పాట వింటే తీర్పరి మనసు అటో ఇటో మొగ్గే ప్రమాదం ఉంది."

సభంతా చప్పట్లు.

పాట కోసమే వచ్చిన డిప్పమ్మ అడ్డుపడింది. "వినకుండా ఎలా చెప్పనురా అబ్బాయ్?"

"భలేదానివవ్వా! ఇక్కడున్నవాళ్ళలో అవతలి మేళాన్ని విన్నవాళ్ళు ఒక్కరున్నారా? అయినా అందరికీ అభిప్రాయం లేదూ?"

డిప్పమ్మ తల లోపలికి లాక్కుంది. "మొదలుపెట్టేసింది అవ్వ, ఆలోచన!" అని సభ మురిసిపోయింది.

ముందుగా అడవిదున్న లేచింది. తలమీద తామరాకు చాలక కొమ్ముకొకటి చొప్పున గుచ్చుకుంది.

"మా కప్పల గొప్పతనం గొంతులో లేదు. ఒక పాదం పాడి టక్కున ఆపేస్తారు చూడండి, ఆ మౌనంలో ఉంది! ఆ మౌనం తలచుకుంటే నాకు గడ్డి సయించదు!"

"ఓయమ్మో!" అంది ఉడుత, తోక ఎగరేసి. "నోరు మూసుకోవడం కూడా పాటేనా దున్నబావా? అయితే నువ్వు నెమరు వేస్తుంటే అది కచేరీయే! మా కీచురాళ్ళని చూడు. చినుకు పడగానే ఎగబడరు. ఒక పాదం పట్టేంతసేపు ఓపిక పట్టి, అప్పుడు అందుకుంటారు. అదీ సంగీతమంటే!"

"ఓపిక కాదే పిల్లా, అప్పటికి గానీ మెలకువ రాదేమో!"

"మెలకువ సంగతి నువ్వా చెప్పేది! బురదలో పడుకుంటే మళ్ళీ పండక్కి గానీ లేవవు!"

కొంగ ఒంటికాలి మీద నిలబడి, ముక్కు సవరించుకుంది. అది ఆ అడవిలో సంగీత విమర్శకురాలు.

"ఉద్రేకాలు వద్దు. కప్పల్ని నాకంటే లోతుగా ఆస్వాదించినవాళ్ళు ఈ సభలో లేరు" అంది.

కప్పలన్నీ కలిసి మేళం పెద్ద బోదురుకప్ప వెనక్కి జరిగాయి.

"అసలు మా చిన్ననాటి కప్పలే కప్పలు" అంది ముళ్ళపంది, ఎవరూ అడక్కుండానే. "ఇప్పటివన్నీ తోక ఊడని పిల్లకప్పలు."

"ఎవరికిరా తోక?" అని ఇటునుంచి ఒక కేక. "నీకు చెవులేవిరా?" అని అటునుంచి ఇంకో కేక. ఇక ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. దున్న రంకెలు, ఉడుత కిచకిచలు, పందుల గురగురలు, కోతుల ఈలలు. నక్క మధ్యలో తిరుగుతూ ఇటువాళ్ళ చెవిలో ఒకటి, అటువాళ్ళ చెవిలో ఒకటి ఊదుతూనే ఉంది. సాయంత్రమయ్యేసరికి అడవి మొత్తానికి గొంతు పోయింది. దున్న నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఉడుత సైగలతో తిడుతోంది. కొంగ ముక్కు తెరిచి, తనేం చెప్పబోయిందో తనకే తెలియక మూసేసింది.

సరిగ్గా అప్పుడు ఉరిమింది. పెద్ద చినుకులు టపటపా రాలాయి.

దున్నపోతు మీద వాన పడితే చలనం ఉండదంటారు. దున్నకి లేకపోవచ్చు గానీ కప్పకి ఉంటుంది. నియమం నియమమే, వాన వానే. బోదురుకప్ప కాసేపు బుగ్గలు ఉబ్బించి ఆపుకోవాలని చూసింది. ఇక ఆగలేకపోయింది. మేళం మొత్తం ఒక్కసారి ఎత్తుకుంది.

"మబ్బు మామ మూట విప్పె, వాగు పిల్ల గంతులేసె!"

డిప్పలో ఉన్న డిప్పమ్మ ఉలిక్కిపడింది.

కప్పలు టక్కున ఆగాయి. ఇది ఆ మౌనం. మామూలుగా అయితే ఇక్కడ ఈలలు మోగాలి. ఈల వెయ్యడానికి ఎవరి గొంతులోనూ గాలి లేదు. "ఆపండి! నియమం!" అని నక్క అరవబోయింది. దాని గొంతూ పోయింది. అక్కడివాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మౌనం నిజంగా మౌనంగా ఉంది.

ఆ ఖాళీలోకి, తూర్పు గట్టు గడ్డిలోంచి, సన్నగా, జల్లు పడ్డట్టు, కీచురాళ్ళు అందుకున్నాయి.

"డిప్పలోన దాగినోళ్ళు తలలు చాచి తడిసి రండి!"

డిప్పమ్మ తల బయటికి వచ్చింది. మెడ మొత్తం సాగింది. అంత మెడ ఉందని ఆమెకే గుర్తులేదు. వాన చినుకు నెత్తిమీద పడింది, ముక్కుమీద పడింది. అమ్మ పక్కనే కూర్చుని పాడినట్టుంది.

"ఇంకోసారి!" అంది. "ఒరేయ్, ఇంకోసారి పాడండిరా!"

కప్పలు పాడాయి, ఆగాయి. కీచురాళ్ళు అందుకున్నాయి, ఆగాయి. మళ్ళీ కప్పలు. ఇసుకతిన్నె మీద తాబేలు నాలుగు కాళ్ళూ ఎత్తి గంతులేయబోయి, వెల్లకిలా పడి, అలాగే కాళ్ళతో తాళం వేసింది. ఎవరో తిప్పి నిలబెట్టారు.

"ఇవి రెండు మేళాలు కావురా!" అంది ఆయాసపడుతూ. "ఒక్కటే! పడమటివాళ్ళు మౌనం, మౌనం అని చంకలు గుద్దుకున్నది అవతలివాళ్ళ వంతు. తూర్పువాళ్ళు ఓపిక, ఓపిక అని మురిసిపోయింది ఇవతలివాళ్ళ వంతు. ఏరా బోదురూ, ఎందుకు విడిపోయారు మీరు?"

బోదురుకప్ప తల గోక్కుంది. "ముందు వరుసలో ఎవరు నిలబడాలని తాతల కాలంలో ఏదో తగువుట అవ్వా. కప్పల వెనక నిలబడితే తాము కనపడటం లేదని కీచురాళ్ళు అలిగి గట్టు దాటాయిట. మా వంతు మేము పాడుతున్నాం. ఆ ఖాళీ ఎందుకో మాకూ తెలీదు. అభిమానులకి నచ్చింది కదా అని ఉంచేశాం."

దున్నా ఉడుతా మొహమొహాలు చూసుకున్నాయి. ఉడుత ముక్కు చీదింది. దున్న తన కొమ్ముమీది ఆకొకటి తీసి ఉడుత నెత్తిన గొడుగులా పట్టింది.

"అవ్వా, ఇదంతా లోపల ఆలోచించి కనిపెట్టావా?" అంది ఉడుత బొంగురుగా.

"ఆలోచనా నా బొందా! ఎప్పుడూ లేదు. మరిచిపోయి, లోపల వెతుక్కునేదాన్ని."

"ఆహా, ఏం వినయం!" అని గుసగుసలాడింది కొంగ. సభంతా చప్పట్లు కొట్టింది. డిప్పమ్మ నెత్తి కొట్టుకుందామనుకుంది గానీ, చెయ్యి అందలేదు.

పాదం దొరికేసరికి ఆమెకి ధైర్యం వచ్చింది. తన గుర్తు తప్పు కాదేమో, ఆ రోజు వాగు దాటుతుండగా చూసింది కూడా తేల్చుకుందామనిపించింది.

"మేళాలు కలిశాయి. సంఘాలూ కలవాలి. రెండు సంఘాల అధ్యక్షులూ ముందుకొచ్చి కౌగిలించుకోండర్రా!"

"రావాలి, రావాలి!" అని రెండు గట్లూ గొణిగాయి. "మా అధ్యక్షుడు!" అని పడమటివాళ్ళు నక్కని ముందుకి తోశారు. "మా అధ్యక్షుడు!" అని తూర్పువాళ్ళు అదే నక్కని అటు లాగారు.

నక్క ఇటు చూసింది, అటు చూసింది. చంకలో దాచుకున్న తామరాకు జారి ఇసుకలో పడింది. దానిమీద గడ్డిపువ్వు పడింది. వేరే దారి లేక, రెండు చేతులూ చాచి తనని తనే కౌగిలించుకుంది.

అంతే. గొంతు లేకపోయినా కాళ్ళున్నాయి కదా. ఆకులవాళ్ళూ పువ్వులవాళ్ళూ కలిసి, పుట్టాక మొదటిసారి ఒకే వైపు పరుగెత్తారు. ఆ వైపు ముందుగా నక్క పరుగెత్తుతోంది. ఈ గోలకి సింహరాజుగారు లేచి, "తీర్పు అయిందా?" అని అడిగి, మళ్ళీ పడుకున్నారు.

వాన జోరుగా కురుస్తోంది. పాట సాగుతోంది. తరిమి తరిమి అలసిపోయి అందరూ తిరిగొచ్చి, తడుస్తూ కూర్చున్నారు. అడవి అంత హాయిగా ఎప్పుడూ లేదు.

కాసేపటికి దున్నకి గొంతు తిరిగొచ్చింది.

"ఎంతైనా, మొదటి పాదంలో ఉన్న బరువు రెండోదాంట్లో లేదు" అంది.

ఉడుత తోక నిటారుగా లేచింది. "ఏం? రెండో పాదం లేకపోతే నీ మొదటి పాదం ఎవడిక్కావాలి? అడుగుదాం అవ్వని! అవ్వా, నువ్వే చెప్పు!"

డిప్పమ్మ తల లోపలికి లాక్కుంది.

"ఉష్! అవ్వ ఆలోచిస్తోంది" అన్నారందరూ.

లోపల చీకట్లో, డిప్పమ్మ ఏమీ వెతుక్కోవడం లేదు. రెండు పాదాలూ కలిపి పాడుకుంటోంది.

నీతి: ఏ పాట మీదనైనా గట్టి అభిప్రాయం నిలబెట్టుకోవాలంటే, పొరపాటున కూడా దాన్ని చివరిదాకా వినకూడదు.