మంత్రిగారికి జనం బెంగ

ఈ మహమ్మారి వల్ల ప్రజల మనసులకు ఇసుమంతైనా చెరుపు జరగలేదని, దిగులనేది కేవలం గిట్టనివాళ్లు పుట్టించిన పుకారని ఆరోగ్య మంత్రిగారు తమ గదిలోంచే జాతికి ప్రకటించారు. ప్రకటన ముగిసింది. ఎదురుగా ఉన్న కెమెరా చప్పట్లు కొట్టలేదు. ఆ పూట నుంచి మంత్రిగారికి తిండి సయించలేదు.

పీఏ ఏళ్ల తరబడి మంత్రిగారు తుమ్మితే తను జలుబు మాత్ర మింగిన మనిషి. వెంటనే మనోవైద్యుణ్ణి వీడియోలోకి పిలిచాడు.

"ఏమనిపిస్తోంది సార్?" అన్నాడు డాక్టరు.

"మాట్లాడి ఆపితే నిశ్శబ్దంగా ఉంటోందయ్యా. ప్రాణం ఉసూరుమంటోంది."

"ఎవరి మీద బెంగ?"

"జనం మీద."

"వాళ్లలో ముఖ్యంగా ఎవరైనా?"

"జనానికి పేర్లుంటాయా ఏమిటి?"

డాక్టరు మందుగా రోజుకొక సభ రాశాడు. భోజనానికి ముందు.

బయటి జనాన్ని రానిస్తే వైరస్ కూడా వస్తుంది. అందుకని పీఏ ఇంట్లో పనిచేసే డ్రైవర్ని, తోటమాలిని, వంటావిడనే పెరట్లో ఆరడుగుల ఎడంగా నిలబెట్టాడు. వాళ్లు గేటు దాటి నెలలైంది. మంత్రిగారి ఆరోగ్యం దృష్ట్యా దాటనివ్వడం లేదు.

మంత్రిగారు మేడ మీంచి విజృంభించారు. "మీకు ఏ కష్టమొచ్చినా ఇంటికి పెద్దకొడుకులా నేనున్నాను! నాతో చెప్పుకోండి!"

వంటావిడ నిజమనుకుంది. "అయ్యా, మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడండీ. ఒక్కసారి చూసొస్తానండీ" అంటూ బావురుమంది.

మంత్రిగారి ముఖం చేటంతయింది. "చూశావటయ్యా! నా ఉపన్యాసానికి కన్నీళ్లొస్తున్నాయి!"

ఆ పూట ఆయన మారు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ పీఏతో, "ఆవిణ్ణి ఎక్కడికీ పంపకు. రేపు ముందు వరసలో ఉండాలి" అన్నారు.

"చిత్తం సార్" అన్నాడు పీఏ. ఆ ఉద్యోగంలో చేరాక చిత్తమని చెప్పి చెయ్యని పని అదొక్కటే. పొద్దున్నే వెనక గేటు తీసి, "వెళ్లక్కా. ఇక్కడ నేను చూసుకుంటాను" అని ఆవిణ్ణి పంపేశాడు.

ఆ రోజు సభలో వంటావిడ చోట తనే నిలబడ్డాడు. మంత్రిగారు "నేనున్నాను!" అనగానే దొంగేడుపు అందుకున్నాడు. నాలుగు వెక్కిళ్లు పెట్టాడో లేదో, కడచూపు కూడా ఫోన్‌లోనే దక్కిన తల్లి గుర్తొచ్చింది. ఇక ఆపుకుందామన్నా ఆగలేదు. అతణ్ణి చూసి డ్రైవరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తోటమాలి ఉన్నచోటే చతికిలబడి, చేతుల్లో తల పెట్టుకున్నాడు.

మంత్రిగారు కాసేపు శ్రద్ధగా విని, పెదవి విరిచారు.

"ఫరవాలేదయ్యా. కానీ నిన్నటావిడ ఏడుపులో ఉన్న సహజత్వం లేదు."