ఫ్లెక్సీకి అడ్డొచ్చిన వేపచెట్టు

బాన్సువాడలో చెట్లకు నాయకత్వం వహించేవారు కరువయ్యారని పట్టణ ప్రముఖులు సకాలంలో గుర్తించినందువల్ల, ఈ ఎండాకాలం హైస్కూలు పిల్లలకు హరిత నాయకత్వ శిబిరం ఏర్పాటయింది. ఎండాకాలాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడగనక్కరలేదు. మనిషికి చెట్టు మీద ప్రేమ పుట్టేది మే నెలలోనే. వానలు పడగానే అది దానంతట అదే చల్లబడుతుంది.

శిబిరం ఒక ఏసీ ఫంక్షన్ హాలులో జరిగింది. బయట ఎండ మండిపోతున్నది కనుక పర్యావరణాన్ని లోపలినుంచే కాపాడాలని నిర్వాహకులు భీంరావుగారు నిర్ణయించారు. ఆయన ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు. ఏ విషయంలోనైనా ముందుచూపు గలవారు.

పదో తరగతిలోకి వచ్చిన ప్రవళికను అందులో చేర్పించింది తండ్రి శివరాం. ఆయనది మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీల దుకాణం. శిబిరం ఫ్లెక్సీలన్నీ ఆయనవే. బిడ్డ లోపల ప్లాస్టిక్ నిషేధం మీద పాఠం వింటుంటే, తండ్రి అదే పాఠాన్ని ఇరవై అడుగుల ప్లాస్టిక్ మీద అచ్చు వేశాడు. ఇంట్లో ఇద్దరు పర్యావరణానికే పని చేస్తున్నారని ప్రవళిక తల్లి వాడకట్టంతా చెప్పుకుని మురిసింది.

శిక్షణ చాలా లోతుగా సాగింది. మైకు మూతికి ఎంత దూరంలో ఉండాలి, రిబ్బను కత్తిరించేటప్పుడు ఎటు చూడాలి, మొక్కను పట్టుకుంటే ఆకులు కెమెరా వైపు ఎట్లా తిప్పాలి, అన్నీ నేర్పారు. నాయకులు ఎక్కువ, మొక్క ఒక్కటే. అది చేతులు మారీ మారీ తల వాల్చేసింది.

"సార్, మొక్క వాడిపోతున్నది. నీళ్లు పొయ్యాల్నా?" అని అడిగింది ప్రవళిక.

"శభాష్! నాయకులంటే గిట్ల ప్రశ్నలడగాలె," అన్నారు భీంరావుగారు. "కని నీళ్లు పోసుడు కార్యకర్తల పని బిడ్డా. వాళ్ల శిబిరం వచ్చే ఏడు పెడ్తం."

మరునాడు ఆ మొక్క స్థానంలో ప్లాస్టిక్ మొక్క వచ్చింది. ఫొటోల్లో అదే పచ్చగా పడింది.

ప్రవళిక మాత్రం అంతా మనసు పెట్టి నేర్చుకుంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి ప్రాణవాయువు గురించి, భావితరాల గురించి గొంతెత్తి చెప్పేది. చివరికి ఉత్తమ హరిత నాయకురాలిగా ఆమె పేరే ఎంపికయింది. ముగింపు సభ ఫ్లెక్సీ మీద శివరాం బిడ్డ ఫొటోను భీంరావుగారి ఫొటో కన్నా కొంచెం పెద్దగా వేశాడు. అది భీంరావుగారి కంట పడడంతో మళ్లీ కొంచెం చిన్నదయింది.

సభ నాడు పొద్దున హాలు ముందు ఫ్లెక్సీ కట్టారు. కట్టాక గానీ తెలియలేదు, దానికి వేపచెట్టు అడ్డం. ముఖ్య అతిథిగారి ముఖం ఆకుల చాటున పడింది. 'చెట్లను ప్రేమిద్దాం' అన్న మాటలో 'చెట్లను' వరకే కనబడుతున్నది. ఇక వాటిని ఏం చేయాలో జనం ఎవరికి తోచినట్టు వారు అనుకునే ప్రమాదం ఉంది. భీంరావుగారు వెంటనే చెట్లు కోసే మిషన్ ఉన్న నరేష్‌ను పిలిపించారు.

"ఒక్క కొమ్మ కొడితే సాలు గద సార్," అన్నాడు నరేష్.

"కొమ్మ మల్ల పెరుగుతది. వచ్చే ఏడు మల్ల ఇదే లొల్లి. మొదలుకే కొట్టు," అన్నారు భీంరావుగారు. ముందుచూపు అంటే ఇదే.

మిషన్ చప్పుడు విని ప్రవళిక బయటికి ఉరికొచ్చింది. తండ్రి నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాపూ, ఏంది గిది? నువ్వన్న చెప్పు జర!"

"నేనేం చెప్పుదు బిడ్డా? నీ ఫొటో గుడ గా ఆకులెన్కనే ఉన్నది," అన్నాడు శివరాం నేల చూస్తూ.

ప్రవళిక తలెత్తి చూసింది. ఆకుల సందులోంచి తన జడ ఒక్కటే కనబడుతున్నది. క్లాసు పిల్లలంతా ఇటే వస్తారు. పోనీ చెట్టే కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. వెంటనే తనమీద తనకే రోషమొచ్చి, భీంరావుగారి ముందుకెళ్లి, నేర్చుకున్న ప్రసంగం మొత్తం అప్పజెప్పింది. ప్రాణవాయువు, భావితరాలు, ఏదీ వదల్లేదు.

భీంరావుగారి కళ్లు చెమర్చాయి. "వారెవ్వా! స్టేజీ మీద గుడ గిట్లనే చెప్పాలె," అని చప్పట్లు కొట్టారు. నరేష్ కూడా మిషన్ కింద పెట్టి చప్పట్లు కొట్టి, మళ్లీ మిషన్ ఎత్తుకున్నాడు.

శిబిరంలో నేర్పింది అయిపోయింది. ఏం చేయాలో తోచక చెట్టు కిందికి చూసింది. బైకులన్నీ ఆ కాస్త నీడలో ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. వాటి నడుమ భీంరావుగారి కారు.

"సార్, చెట్టు కొట్టినంక ముఖ్య అతిథి సారు కారు యాడ పెడ్తరు?"

"అంటే?"

"కొత్త కారట గద సార్. గీ ఎండల పెడితే మల్ల వచ్చి సీటు మీద కూసునుడెట్ల? కాల్తది గద?"

భీంరావుగారు ఎండలో ఉన్న ఒక స్కూటరు సీటు మీద చెయ్యి పెట్టి చూశారు. చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"నరేషూ, మిషన్ బంద్ చెయ్! బంగారమసొంటి చెట్టు!"

ఫ్లెక్సీని ఎదురు గోడకు మార్చారు. నిచ్చెనెక్కి కట్టింది శివరామే. సభలో ముఖ్య అతిథిగారు చెట్లు మన తల్లిదండ్రులని గంటసేపు చెప్పి, కారెక్కి కూర్చుని, "అబ్బ, ఏం సల్లగున్నదయ్యా!" అని మెచ్చుకుని, శిబిరం ఏటేటా జరపాలని ఆదేశించి వెళ్లారు. ప్రవళికకు ప్లాస్టిక్ ఆకు బహుమానంగా వచ్చింది. అద్భుత ప్రసంగానికట. కారు సంగతి ఎవరూ ఎత్తలేదు. బండి మీద ఇంటికి పోతూ తండ్రీ బిడ్డా దారంతా నవ్వుకున్నారు.

తొలకరి పడగానే ప్రవళిక వేపమొక్కలు తెచ్చి వాడకట్టులో ఇంటింటికీ తిరిగింది. అందరూ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. "చెట్లు లేకుంటే ఎట్ల బిడ్డా, తప్పక పెట్టాలె," అన్నారు. "కని మా ఇంటి ముంగట ఆకులు రాల్తయి. పక్కింటోళ్ల ముంగట పెట్టు, నీడ మాకు గుడ పడ్తది." పక్కింట్లో కూడా చాయ్ ఇచ్చి అదే మాట అన్నారు. చివరికి తమ ఇంటికొస్తే తల్లీ అదే అంది. ప్రవళిక పకపకా నవ్వి, గడ్డపార తీసుకుని తమ వాకిట్లోనే గుంత తవ్వింది. తల్లి తిడుతూనే బిందెతో నీళ్లు తెచ్చి పోసింది.

మిగతా మొక్కలు ఇంకా ప్రవళిక దగ్గరే ఉన్నాయి. అందరూ పక్కిల్లు చూపించేవారే కానీ, ఆ పక్కిల్లు ఎవరిదో బాన్సువాడలో ఇంతవరకు తేలలేదు. ఇంతసేపు నవ్వుకుంటూ చదివారు కదా, కొంపదీసి అది మీదే కాదు కదా?