పై వరుసలో ముఖం

శనివారం ఉదయం ఆరున్నరకు బాగేపల్లి సర్కిల్లో, పన్నెండడుగుల నిచ్చెన చివర నిలబడి, మునికృష్ణప్ప తన గొంతు తానే కోసుకుంటున్నాడు. ఎడమ చెవి దాకా వచ్చేసరికి బ్లేడు మొద్దుబారింది.

"ఇంగొక బ్లేడు ఇయ్యే!" అని కింద నిచ్చెన పట్టుకుని ఉన్న భార్యను అడిగాడు.

"ఇంగ లేవు. ఉండే రెండూ మీ మీసాల కాడే అయిపోయె," అంది లక్ష్మీదేవమ్మ.

ఫ్లెక్సులో మీసాలు అంత పెద్దవి మరి. ఇరవై అడుగుల ఫ్లెక్సు అది. పైన 'అఖిల భారత మడ్ రేసు, ఆదివారం, బట్లహళ్ళి' అని ఎర్రటి అక్షరాలు. నడుమ బురద చిమ్ముకుంటూ గాల్లోకి లేచిన జీపు. దాని పక్కన, జీపు కన్నా కాస్త పెద్దగా, మునికృష్ణప్ప ముఖం. అడుగున 'శుభం కోరేవారు' అంటూ నిమ్మకాయలంత ముఖాలు ఒక ముప్పై. మూలన, ఎంట్రీ ఫీజు కట్టడానికి క్యూఆర్ కోడు.

అంతలో లక్ష్మీదేవమ్మ ఫోను మోగింది. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఆమె మాట్లాడుతుంటే, బస్సుల రొదలో ముక్కలు ముక్కలుగా పైకి వినిపించింది.

"ఆ... తెలుసు. తెలుసు గానీ చెప్పేకి కాదు... లే, ఆ పేరు నా నోట్లో రాదు... ఇప్పుడా? పైనే ఉండాడు... ఊ, చేతిలో బ్లేడు ఉండాది."

"ఎవురే అది?"

"మా అక్క."

"నా బ్లేడు సంగతి మీ అక్కకెందుకు?"

"అడిగింది, చెప్పినా. మీరు కోయండి."

టీ అంగడి వెంకటప్ప గ్లాసు కడుగుతూ తల పైకెత్తాడు. "ఏమప్పా, పొద్దున్నే బంగారట్లా ముఖాన్ని ఏల కోస్తాండావు?"

మునికృష్ణప్ప తలకు చుట్టుకున్న తువ్వాలు ఇంకా కిందికి లాక్కుని, వెనక్కి తిరగలేదు. లక్ష్మీదేవమ్మే జవాబిచ్చింది. "కొలత తప్పిండాదంట అప్పా. సరిచేస్తాండారు."

పక్కనే ఆటోలోంచి ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. మునికృష్ణప్ప తెగని కొసను చేత్తోనే చింపేసి గబగబా దిగి, కోసిన ముఖాన్ని చాపలా చుట్టి చంకలో పెట్టుకుని కారు వైపు పరిగెత్తాడు.

మునికృష్ణప్పకు చింతామణిలో టమోటా మండీ ఉంది. సోమవారం మండీ వర్తకుల సంఘానికి అధ్యక్ష ఎన్నిక. పోటీకి నిలబడింది ఎదురు మండీ సీనప్ప. సరిగ్గా ఆ వేడిలో ఈ రేసు ఫ్లెక్సులు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురాలలో లేచాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఫ్లెక్సు మీద తన ఫోటో పడితే 'అడక్కుండా ఎందుకు వేశారు' అని కోప్పడినవాడు ఇంతవరకు లేడు, 'ఎందుకు చిన్నగా వేశారు' అని కోప్పడినవాళ్ళే అందరూ. ఇక్కడ పై వరుస మునికృష్ణప్పది, అడుగు వరుస సీనప్పది. ఎవరు వచ్చి రేసు నిజమేనా అని అడిగినా మునికృష్ణప్ప, "నా ఫోటో ఉండాది కదప్పా, బోగస్ ఎట్లవుతాది?" అనేవాడు. ఆ ఒక్క మాట మీద మండీలో నలభై రెండు మంది క్యూఆర్ కొట్టి ఎంట్రీ కట్టారు.

అనుమానం మొదట లక్ష్మీదేవమ్మకు వచ్చింది. ఫ్లెక్సులో జీపు వెనకాల కొండలన్నీ తెల్లగా ఉన్నాయి.

"బట్లహళ్ళి నా పుట్టినూరు. ఆడ మంచు కొండలు యాడుండాయి?"

"అది డిజైన్ లేవే."

శుక్రవారం సాయంత్రం ఆమె రేసు జరిగే చోటు ఎక్కడో ఫోనులో నొక్కి చూసింది. మ్యాపులో ఎర్రటి గుర్తు తిన్నగా వెళ్ళి వాళ్ళక్క అక్కయమ్మ చేనులో దిగింది. అక్కకు ఫోను చేసింది.

"రేసా? మా చేన్లోనా? నిన్న కదే టమోటా నారు నాటింది! ఎవుడన్నా జీపు తోలుకోని వస్తే కాళ్ళు ఇరగ్గొడతా," అంది అక్కయమ్మ.

నిర్వాహకుడి నంబరు స్విచాఫ్. మునికృష్ణప్ప లెక్క వేసుకున్నాడు. ఆదివారం పొద్దున జనం జీపులతో, బైకులతో బట్లహళ్ళికి పోతారు. అక్కడ టమోటా నారు చూస్తారు. అక్కడి నుంచి నేరుగా అతని మండీకి వస్తారు. సోమవారం ఓటు సంగతి తర్వాత, ఆదివారం ఒళ్ళు దక్కితే చాలు.

"ఇప్పుడే సైబర్ పోలీసోళ్ళ 1930కి ఫోన్ చేయండి. బిరీన చెప్తే దుడ్డు యాడికీ పోకుండా నిలబెడతారంట," అంది లక్ష్మీదేవమ్మ.

"చేస్తే పోలీసోళ్ళు మొదట ఏం చూస్తారు? ఫ్లెక్సు. ఫ్లెక్సులో మొదట ఎవురిని చూస్తారు? నన్ను. అందుకే మొదట ముఖం, ఆ తర్వాత కంప్లేంటు."

పథకం సిద్ధమైంది. తెలిసినవాళ్ళు తక్కువ గనక, చెయ్యి అలవాటు కావడానికి మొదట బాగేపల్లి. తర్వాత చింతామణి. ఆఖరుకు చిక్కబళ్ళాపురంలో మూడోది కోసేసి, ఏ ఫ్లెక్సులోనూ ముఖం లేని మనిషిగా సైబర్ స్టేషన్ మెట్లెక్కడం.

"స్టేషన్లో నువ్వు నోరు తెరవద్దు. నా పేరు అసలే ఎత్తొద్దు," అన్నాడు.

"ఎప్పుడు ఎత్తినా?" అంది ఆమె.

నిజమే. పెళ్ళైన ముప్పై రెండేళ్ళలో లక్ష్మీదేవమ్మ భర్త పేరు పలికి ఎరగదు. రేషన్ కార్డు కాడ, ఆసుపత్రి చీటీ కాడ, గుళ్ళో అర్చన కాడ పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి "మీరు చెప్పండమ్మా" అనేది. ఒకసారి జనాభా లెక్కలకు వచ్చినాయన ఇంటి యజమాని పేరు అడిగితే, పక్కన ఎవరూ లేక గోడ మీద క్యాలెండర్లో వేణువూదే స్వామిని చూపించింది. ఆయన గోపాలప్ప అని రాసుకుపోయాడు.

వాళ్ళు ఎనిమిదిన్నరకు చింతామణి చేరేసరికి బాగేపల్లి వీడియో వాళ్ళకన్నా ముందే చేరింది. అందులో కనిపించేది ఒక వీపు, ఒక తువ్వాలు, కోస్తున్న ఒక చెయ్యి. కింద 'మన అప్ప ముఖం కోసిన పాపిష్ఠి ఎవడు?' అని రాసి ఉంది.

చింతామణి ఫ్లెక్సు కింద షామియానా లేచింది. మైకు వచ్చింది. మండీ హమాలీల మేస్త్రి నాగేశ్ నిచ్చెనెక్కి మునికృష్ణప్ప ముఖానికి పాలాభిషేకం చేస్తున్నాడు. అప్పటికే రెండు లీటర్లు మీసాల మీదుగా జీపులోకి కారాయి.

"అప్ప వచ్చినాడు!" నాగేశ్ పాలచెంబుతోనే కిందికి దూకాడు. "అప్పా, మీరు ఏడవద్దు."

"నేను ఏడవలేదప్పా..."

"మీ ముఖం కోసినోడి చెయ్యి ఈ పొద్దే నరుకుతాము!"

మునికృష్ణప్ప చెయ్యి దానంతటదే వెళ్ళి బ్లేడున్న జేబు మీద వాలింది.

జనాన్ని తోసుకుంటూ సీనప్ప వచ్చాడు. ముఖమంతా చెమట. "మునికృష్ణప్పా, నీ మీద ఒట్టు, నేను కోయలేదప్పా! నా ఫోటో నిమ్మకాయంత ఏసినప్పుడు కూడా నేను ఊరికే ఉండినా!"

"ఆ కడుపుమంటే కదా!" అని నాగేశ్ అరిచాడు. జనం ఓ అని ఎగిరింది. ఎవరో మైకు తెచ్చి మునికృష్ణప్ప నోటి దగ్గర పెట్టారు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి మైకు దొరకదు. మునికృష్ణప్ప నోరు తెరిచాడు. ఎదురుగా జనం మధ్యలో సీనప్ప తెల్లబోయి నిలబడ్డాడు. ఒక్క ఓటు కూడా మిగలని ముఖం అది. సోమవారానికి ఇంకా రెండు రోజులే.

"శాంతంగా ఉండండి," అన్నాడు మునికృష్ణప్ప. "ఎవురు కోసినారో ఆ దేవుడే చూసుకుంటాడు."

చప్పట్లు మోగాయి. లక్ష్మీదేవమ్మ మాత్రం భర్త వైపు, కుళ్ళిన టమోటాను గంపలోంచి ఏరేటప్పుడు చూసే చూపు ఒకటి చూసింది.

నాగేశ్ చెవి దగ్గరికి వచ్చాడు. "ఇంగొక శుభవార్త అప్పా. మీకు జరిగిన అవమానానికి జవాబుగా ఇంగ అరవై మందిమి ఎంట్రీ కట్టేసినాము. ఇప్పుడే. నిలబడుకోనే."

"ఎంత మంది?"

"అరవై. నా బావమరిదికి బండే లేదు, వాడు కూడా కట్టినాడు. బాగేపల్లికి కొత్త ఫ్లెక్సు కూడా ఆర్డరిచ్చినాము. ఈ తూరి జీపు లేదు. అంతా మీరే."

ఒక ముఖం కోస్తే అంతకన్నా పెద్దది మొలుస్తోంది. అంతటితో అయిందా? నాగేశ్ మైకు అందుకుని, సీనప్ప మీద కంప్లేంటు ఇవ్వడానికి అందరూ చిక్కబళ్ళాపురం పోతున్నామని ప్రకటించాడు. మూడు టెంపోలు సిద్ధమయ్యాయి. "నేనూ వస్తా, నిజం తేలాల!" అంటూ సీనప్ప తనే మొదటి టెంపో ఎక్కి కూర్చున్నాడు.

టెంపోల కన్నా ముందు స్టేషన్ చేరాలని మునికృష్ణప్ప కారును ఉరికించాడు. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా డిక్కీలో అతని ముఖం అటూ ఇటూ దొర్లుతోంది.

"ఇప్పుడన్నా నిజం చెప్పేస్తారా?" అంది లక్ష్మీదేవమ్మ.

"సోమవారం దాకా ఓర్చుకోవే. రేసు బోగస్ అని మాత్రం చెప్తాము. తక్కినదంతా ఎందుకు?"

"తక్కినదంతా సీనప్ప తల మీదికి వస్తాండాది."

"వస్తే వస్తాది. పోటీ అన్నాక అన్నీ ఉంటాయి."



స్టేషన్లో అడుగు పెట్టేసరికి మునికృష్ణప్పకు ఎదురైంది మునికృష్ణప్పే. పోలీసులు మూడో ఫ్లెక్సును పొద్దున్నే విప్పి తెచ్చి గోడకు వేలాడదీశారు. దాని కింద బెంచీ మీద ఒక సన్నటి మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. పదిహేను రోజుల కిందటే బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్ మోహన్‌కుమార్ మంచి ఉత్సాహంలో ఉన్నాడు. ఫ్లెక్సులోని ముఖం ముప్పై రెండేళ్ళ కిందటి పెళ్ళి ఫోటో. దాన్ని డిజైన్ చేసినవాడు మరింత తెల్లగా చేశాడు. అందుకని ఎదురుగా నిలబడిన నల్లటి బట్టతల మనిషిని ఆయన పోల్చుకోలేదు.

"రేసు బోగస్ అని చెప్పడానికి వచ్చారా? కూర్చోండి. తెల్లవారి నాలుగుకే ఒక తల్లి ఫోను చేసి చెప్పింది. ఆమె పుణ్యమా అని ఖాతా ఆపేశాం. వీడు బస్సెక్కుతూ దొరికాడు. దుడ్డు యాడికీ పోలేదు."

మునికృష్ణప్పకు ప్రాణం లేచివచ్చింది. అది పూర్తిగా నిలబడే లోపలే మూడు టెంపోలూ వచ్చాయి. గది నిండిపోయింది.

"అయితే వీడు వట్టి చిన్న చేప," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చెప్పరా."

సన్నటి మనిషి గొంతు సవరించుకున్నాడు. "మూడూళ్ళు తిరిగి పాంప్లెట్లు పంచినా సార్. ఒక్కరు కట్టలేదు. ఫ్లెక్సు వేయించేదానికి చేతిలో రూపాయి లేదు. ఇడిసిపెట్టి పోదామనుకుంటాండంగా, ఒక పెద్దమనిషి ఆయనే ఫోన్ చేసె. మూడు ఫ్లెక్సులూ నేనే వేయిస్తా అనె. పైన ఎవురు, అడుగున ఎవురు అన్నీ ఆయనే చెప్పె. ఫ్లెక్సు లేచినాంక జనం వద్దన్నా కట్టిరి."

"అర్థమైపోయె!" నాగేశ్ గర్జించాడు. "బోగస్ ఫ్లెక్సు మీద మా అప్ప ముఖం పెట్టి ఇరికించేదానికి సీనప్పే వేయించినాడు! ఈ పొద్దు కోసింది కూడా ఆయప్పే!"

"నా ఫోటోను నేనే నిమ్మకాయంత ఏయించుకుంటానా?" సీనప్ప గొంతు చీలింది.

"అదే నీ తెలివి!"

ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఆ పెద్దమనిషి ఎవరో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. నాలుగింటికి ఫోను చేసిన ఆ తల్లి. ఆరున్నరకు మేము తిరిగి ఫోను చేసి అడిగితే ఏమందో తెలుసా? 'తెలుసు గానీ ఆ పేరు నా నోట్లో రాదు' అంది. 'పైనే ఉండాడు, చేతిలో బ్లేడు ఉండాది' అంది. ఒక ఆడమనిషిని అంత భయపెట్టినాడంటే వాడెంత క్రూరుడో చూడండి! ఫోను సిగ్నల్ పట్టుకుని వెంటనే జీపు పంపితే బాగేపల్లి ఫ్లెక్సులో రంధ్రం మాత్రం దొరికింది."

మునికృష్ణప్ప మెల్లగా భార్య వైపు తిరిగాడు. "మీ అక్క అంటివే?"

"అక్క కూడా చేసింది. ఆ తర్వాత." లక్ష్మీదేవమ్మ ముందుకు వచ్చింది. "ఆ ఫోన్ చేసింది నేనే సార్."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "మీరామ్మా! ఏమీ భయపడొద్దు. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. ఫ్లెక్సు వేయించింది ఎవరు, దాన్ని కోసింది ఎవరు, పేరు చెప్పండి చాలు. అంతదాకా సీనప్ప గారు మాత్రం ఇక్కడి నుంచి కదలడానికి లేదు."

సీనప్ప బెంచీ మీద, సన్నటి మనిషి పక్కన కూలబడ్డాడు. ఇంక అతను పోటీ నుంచి తప్పుకోవడమే మిగిలింది.

లక్ష్మీదేవమ్మ భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు చెప్తారా?"

మునికృష్ణప్ప తల ఎత్తి ఫ్యాను చూడసాగాడు. ఫ్యాను తిరగడం లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

"చెప్పమ్మా!" నాగేశ్ ఆగలేకపోయాడు. "సీనప్ప అని చెప్పు!"

"సీనప్ప పేరైతే నాకేమి అడ్డమప్పా? నాలుగ్గంటలకే చెప్పుందును."

ఆమె కొంగు భుజం నిండా కప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ తల మీద ఉన్న దేవుడి పటానికి చేతులెత్తి మొక్కి, రెండు లెంపలూ వేసుకుంది. తర్వాత, ముప్పై రెండేళ్ళుగా వాడకుండా దాచిపెట్టిన మాట గనక, ఒక్క అక్షరం కూడా అరగకుండా స్పష్టంగా పలికింది.

"మునికృష్ణప్ప."

కానిస్టేబుల్ రాసుకుంటూ, తల ఎత్తకుండానే, ఇనిషియల్ ఏమిటని అడిగాడు.