బీరువా ఒక్కటే అన్నాను

ఆ ఉదయం లారీ డ్రైవరు భార్య చేయాలనుకున్న పనులు రెండే. కూతురి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దడం, రాత్రికి ఇల్లు చేరే మొగుడికి వేడిగా అన్నం వండిపెట్టడం. మర్నాడు కూతురు మొదటి ఉద్యోగానికి పరాయి ఊరు వెళుతోంది. బస్సు దగ్గర తల్లీ తండ్రీ ఇద్దరూ నిలబడి పంపాలి. పిల్ల బడిలో చేరినప్పుడు ఆయన రోడ్డు మీద ఉన్నాడు. హాస్టలుకు వెళ్లినప్పుడూ రోడ్డు మీదే ఉన్నాడు. రెండుసార్లూ పిల్ల వెనక్కి తిరిగి, తల్లి పక్కనున్న ఖాళీ చోటు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు ఆమెను ఇప్పటికీ నిద్రలోంచి లేపుతుంది.

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే ఫోను మోగింది.

"డీజిల్ మళ్లీ పెరిగిందే," అన్నాడు మొగుడు. "ఖాళీ బండి తిప్పితే ఊరుకోనన్నాడు ఓనరు. రిటర్న్ లోడు దొరికేదాకా ఇక్కడే పడుండమన్నాడు."

"ఎప్పుడు దొరుకుతుంది?"

"కిరాయిలు పెంచేసరికి సరుకు పంపేవాళ్లే కనబడట్లేదు. నా ముందు వీధి పొడుగునా బండ్లే. డ్రైవర్లంతా చెట్టు కింద పేకాడుతున్నారు."

"రేపు పిల్ల వెళుతోందండీ!"

అవతల హారన్లు మోగుతున్నాయి. "చూద్దాంలే," అని పెట్టేశాడు. ఆయన 'చూద్దాంలే' అన్నది ఏదీ ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆమె ఇస్త్రీ పెట్టె తీసేసి ఆలోచించింది. ఆయన ఆగిపోయిన ఊళ్లోనే తన తమ్ముడున్నాడు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టుకునే దర్జీ. వాడి ఇంట్లో పాత ఇనప బీరువా ఒకటి అడ్డంగా ఉంది. బీరువా మాత్రం లోడు కాదూ? వెంటనే ఓనరుకు ఫోను చేసింది.

"లోడు నేనిస్తానండీ. ఇంటి సామాను."

"కిరాయి ఎవరిస్తారమ్మా?"

"మేమే."

"కొత్త రేటు మరి."

"కొత్తదే కానివ్వండి," అంది. అదెంతో అడిగితే ధైర్యం పోతుందని అడగలేదు.

తరువాత తమ్ముడికి చేసింది. వాడికి చిన్నప్పటి నుంచీ గాభరా ఎక్కువ. మేనకోడలు కూడా 'గాభరా మావయ్య' అనే పిలుస్తుంది.

"ఒరేయ్, మీ బావ లారీ మీ ఊళ్లోనే ఉంది. ఆ బీరువా అందులో వేయించు. ఎందుకని అడక్కు. రాత్రికి మీ బావ ఇంట్లో ఉండాలి. లేకపోతే రేపు పిల్ల ఆయన్ని చూడకుండానే వెళ్లిపోతుంది."

చెబితే చెడిపోతుందన్న భయంతో కూతురి ఉద్యోగం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు.

ఫోను పెట్టేసి వాడు గోడకు చేరగిలబడ్డాడు. "ఏమేవ్, అక్క కాపురం రోడ్డున పడిందే! డీజిల్ ముంచేసింది. బావ ఇంటికి పోవట్లేదట, పిల్ల ఇల్లు వదిలి వెళ్లిపోతోందట. బీరువా కూడా అమ్ముకున్నట్టున్నారు, మనది అడుగుతోంది."

మరదలు మంచి మనిషి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. "బీరువా అమ్ముకున్నవాళ్లు మంచాలుంచుకుంటారా?" అంది. ఓనరు మాట మీద బావ లారీ గుమ్మం ముందుకు రాగానే మంచాలు ఎక్కాయి. మంచం ఇచ్చి పరుపు ఇవ్వకపోతే వెక్కిరించినట్టుంటుందని పరుపులు ఎక్కాయి. వండుకోవడానికి స్టవ్వు, స్టవ్వు మీదికి గిన్నెలు, గిన్నెలకు అలమర. "నేను నాలుగు రోజులుండి ఓదార్చి వస్తా," అన్నాడు తమ్ముడు. "మీరు ఓదారిస్తే వదిన ఇంకా ఏడుస్తుంది, నేనూ వస్తా," అంది మరదలు. ఉన్న చోటే నాలుగు గుడ్డలు కుట్టుకోవచ్చని మిషనూ ఎక్కింది.

చప్పుడు విని ఇంటి యజమాని వచ్చాడు. బోసిపోయిన గదులు చూసి, "ఖాళీ చేసేస్తున్నారా?" అన్నాడు. పరుపులకు తాడు బిగిస్తూ తమ్ముడు పరధ్యానంగా తల ఊపాడు. ఎక్కువ అద్దె ఇస్తామనేవాళ్లు దొరికి చాలాకాలంగా అలాంటి ఊపు కోసమే ఎదురుచూస్తున్న యజమాని, తలుపు తాను వేస్తానని తాళంచెవి అడిగి మరీ పుచ్చుకున్నాడు.

లారీలో ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. బావమరిది కళ్లు తుడుచుకోవడం డ్రైవరు చూశాడు. పాపం, బేరాలు లేక ఊరు మారుతున్నాడు, అడిగి నొప్పించడమెందుకని నోరు మూసుకున్నాడు. బావ మౌనం చూసి తమ్ముడి అనుమానం రూఢి అయింది.

"ధైర్యంగా ఉండు బావా."

"నువ్వూ ధైర్యంగా ఉండవోయ్."

దారి పొడుగునా ఇంతకు మించి మాట లేదు.

సాయంత్రం లారీ సందులోకి తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ ఆమె మొగుణ్ణి చూసి నవ్వబోయి, ఆయన వెనక పైకి లేచిన మంచం కోళ్లు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బీరువా ఒక్కటే కదరా అన్నాను!"

తమ్ముడు ఆ మాట వినకుండానే లోపలికి పరిగెత్తాడు. బీరువా చూశాడు, మంచాలు చూశాడు, ఫ్రిజ్ తెరిచి పాలు కూడా చూశాడు. "ఇవన్నీ ఉన్నాయే!" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతాయి?"

"మరి పిల్ల వెళ్లిపోతోందన్నావు?"

"ఉద్యోగానికిరా!"

మరదలు నెత్తిన చేతులు పెట్టుకుని అరుగు మీద కూలబడింది. "ఏమండీ, పదండి, ఇదే లారీలో మన ఇంటికి పోదాం." తమ్ముడు ఇంటి యజమానికి ఫోను చేశాడు. కొత్తవాళ్లు దిగిపోయారనీ, వంట గదిలో మరిచిపోయిన చీపురు కావాలంటే దాచి ఉంచుతాననీ ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. తమ్ముడు కూడా వెళ్లి భార్య పక్కన కూలబడ్డాడు.

ఇంకో ఫోను మోగింది. డ్రైవరుది.

"దింపేశావా?" అన్నాడు ఓనరు. "తెల్లారేసరికి యార్డులో ఉండు. సిమెంటు లోడు."

"అయ్యా, రేపు మా పిల్ల బస్సెక్కేదాకా..."

"అప్పటికి డీజిల్ ఎంతవుతుందో నువ్వు చెప్పగలవా?"

డ్రైవరు ఫోను జేబులో పెట్టుకుని సామాను తాళ్లు విప్పసాగాడు.

అందరూ కలిసి సామాను దించారు. ముందుగదిలో రెండు బీరువాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మనుషులు పక్కవాటుగా నడవవలసి వచ్చింది. కూతురి పెట్టె కుట్టుమిషను వెనక ఎక్కడో పడిపోయింది. దాన్ని వెతకడానికి వంగిన తల్లి అక్కడే కూర్చుని ఏడ్చింది. "ఇంత చేసి ఆయన్ని తెచ్చానే! ఇప్పుడు నీకంటే ముందే వెళ్లిపోతున్నాడు."

కూతురు తండ్రి వైపు తిరిగింది. "సిమెంటు ఎక్కడికి నాన్నా?"

ఆయన ఊరు చెప్పాడు.

"మా ఆఫీసు ఊరి మీదుగానే కదా పోవాలి? నేనూ ఎక్కుతా."

"మొదటి ఉద్యోగానికి లారీలో దిగుతావటే!" అంది తల్లి నిర్ఘాంతపోయి.

"దిగితే ఏం? బస్సు చార్జీలూ పెరిగాయిగా."

డ్రైవరు దేశంలోని సరుకంతా మోశాడు గాని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఊరు దాటింది లేదు. లేచి వెళ్లి, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే క్యాబిన్ సీటు తుడవడం మొదలుపెట్టాడు.

తెల్లవారుతుండగా లారీ కదిలింది. పిల్ల కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపింది. ఈసారి పిల్ల ఖాళీ చోటు వెతుక్కునే చూపు చూడలేదు. పిల్ల వెళ్లేటప్పుడు తండ్రి పక్కన ఉండి తీరాలని తల్లి పట్టుబట్టింది. ఉన్నాడు, పిల్ల పక్కన. తల్లి పక్కన మాత్రం తమ్ముడూ మరదలూ నిలబడి, ఆమెకంటే గట్టిగా ఏడుస్తున్నారు.

లారీ మలుపు తిరిగినా ఆమె అక్కడే నిలబడింది. ఆ పూట ఇద్దరూ ఒకేసారి కనుమరుగయ్యారు. చేతిలో ఫోను మోగితే, వాళ్లేనేమోనని ఆత్రంగా ఎత్తింది.

"అమ్మా, నేను, ఓనర్ని. మీ తమ్ముడి సామాను కిరాయి మీ ఆయన జీతంలో కోసుకుంటాను, మీరేం బెంగ పెట్టుకోకండి. అన్నట్టు, మీకు ఇంకా అన్నదమ్ములెవరైనా ఉన్నారా?"