దొరస్వామి భుజం క్షేమం

ప్రతి ఇంట్లోనూ కుర్ర బౌలర్ల బాగోగులు కనిపెట్టే మగమనిషి ఒకడుండాలి. అలాంటివాడు లేని కొంప కొంపే కాదని నా నిశ్చితాభిప్రాయం!

సంబంధాలు చూసేటప్పుడు మన పెద్దలు అబ్బాయి సిగరెట్టు తాగుతాడా, పేకాడతాడా అని వాకబు చేస్తారు. దండగ ప్రశ్నలు. అడగవలసింది ఒక్కటే. 'అబ్బాయి కుర్ర బౌలర్లను గమనిస్తాడా?' అవునన్నారా, కళ్ళు మూసుకుని పిల్లనిచ్చేయండి. పదకొండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

క్రికెట్ పిచ్చి అంటే చాలామందికి తెలుసు. ఇది అది కాదు. ఆ పిచ్చివాళ్ళు టెస్టు మ్యాచి ఉన్న అయిదు రోజులూ ట్రాన్సిస్టర్ చెవికి అంటించుకుంటారు, ఆరో రోజు మనుషుల్లో పడతారు. మావారికి టెస్టు మ్యాచిలంటే చిన్నచూపు. పైకొచ్చేసినవాళ్ళను చూడటానికి ఏముందని ఆయన వాదన. ఆయనకు కావలసింది ఇంకా పైకి రానివాళ్ళు. కొబ్బరిపీచు చాప పరిచిన పిచ్ మీద, నాలుగు మేకలే ప్రేక్షకులుగా, జిల్లా పోటీల్లో బంతులేసే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లకాయలు. వీళ్ళలో ఎవడు రేపు ఇండియా టీములోకి వస్తాడో ఈరోజే కనిపెట్టాలన్నది ఆయన జీవితాశయం. జీతం మాత్రం తిరుపతిలో గుమాస్తాగిరీకి ఇస్తున్నారు.

దీనివల్ల ఇల్లాలికి ఎంత లోకజ్ఞానం అబ్బుతుందో చూడండి! నేను బి.ఏ.లో చదివిన భూగోళంలో తడ అనే ఊరు లేదు. ఇప్పుడు నాకు తడ కరతలామలకం. అక్కడ చిన్నబ్బ అనే కుర్రవాడున్నాడు. ఎక్కడో దూరం నుంచి పరిగెత్తుకొచ్చి బంతి వేస్తాడు. పరుగు ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, బంతి తమిళనాడులో విడుదలవుతోందట. ఇతణ్ణి ఎంపిక చేయవలసింది ఎవరో తేలక రెండు రాష్ట్రాలూ వదిలేశాయని మావారి ఆవేదన. ఈ సరిహద్దు తగాదా గురించి ఆయన ఢిల్లీకి రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. కేంద్రం ఆలోచిస్తున్నట్టుంది!

అయితే మా ఇంటి ఆశాజ్యోతి చిన్నబ్బ కాదు, నాయుడుపేట దొరస్వామి. ఎడమచేతి ఫాస్ట్ బౌలరు. వాడి కోసం నాయుడుపేటలో మావారికి ఒక మనిషి ఉన్నాడు. రైసుమిల్లులో పనిచేసే కుప్పుస్వామి. గురువారం గురువారం అతని కార్డు వస్తుంది. 'దొరస్వామి భుజం క్షేమం. మొన్న నాలుగు ఇడ్లీలకు బదులు రెండే తిన్నాడు. నోబాల్సు తగ్గినవి. మీరందరూ క్షేమమని తలుస్తాను.' మావారు అరుగు మీద కూర్చుని దీన్ని పద్యంలా రాగం తీసి చదువుతారు.

మా అత్తగారు దేవకమ్మగారికి చెవులు కాస్త మందమే గానీ ప్రేమ మందం కాదు. వారం వారం క్షేమసమాచారాలు వింటూ ఈ దొరస్వామి తన పుట్టింటివైపు పిల్లవాడని ఆవిడ ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు.

"రెండిడ్లీలే తిన్న్యాడా? వానికి పైత్యం చేసుంటాది. శొంఠి కషాయం తాగమని రాయి నాయనా. మా మునిరామయ్య చిన్నాయన కూడా ఇట్లే ఇడ్లీలు తినకండా చిక్కిపోయినాడు."

మావారు రాశారు. దొరస్వామి తాగాడు. ఆ వారం ఆరు వికెట్లు తీశాడు! అప్పటినుంచి మా అత్తగారు జట్టుకు గౌరవ వైద్యులు.

దైవభక్తి సంగతి చెప్పనేలేదు. నిరుడు దొరస్వామి బంతి లోపలికి తిరగడం మానేసింది. మావారు వెంటనే వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు, బంతి మళ్ళీ తిరిగితే అలిపిరి నుంచి కొండమీది దాకా ప్రతి మెట్టుకూ పసుపు పూసి కుంకుమ పెట్టిస్తామని. 'పెట్టిస్తాము' అన్న మాట గమనించారా? పసుపు కుంకుమ ఆడవాళ్ళ శాఖ కదా! బంతి తిరిగింది. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లకు నేను వంగాను. మొక్కు ఆయనది, నడుము నాది. మావారు పక్కనే నడుస్తూ, వంగడంలో నా మోకాలు సరైన కోణంలో లేదని, దొరస్వామి అయితే ఇలా వంగడని సలహాలిచ్చారు. ఇంత ఉచితంగా శిక్షణ ఏ ఇల్లాలికి దొరుకుతుంది?

ఇక ఆయన జ్ఞాపకశక్తి! దొరస్వామి పుట్టింది పంతొమ్మిది వందల అరవైరెండు, సెప్టెంబరు రెండు, ఉదయం ఆరుగంటల పది నిమిషాలకు. పందొమ్మిదేళ్ళలోపు జట్టుకు సెప్టెంబరు ఒకటో తేదీ లెక్క. ఒక్కరోజు ముందు పుట్టి ఉంటే ఈ ఏడు పనికిరాకుండా పోయేవాడు. "ఆ మహాతల్లి ఒక దినం ఓర్చుకునింది సూడు," అని మావారు ఇప్పటికీ తలుచుకుని కళ్ళొత్తుకుంటారు.

అలాంటి మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, మొన్న ఫిబ్రవరిలో జనాభా లెక్కల మాస్టారు వస్తే నాకు నోరు విప్పే పని ఏముంటుంది? నేను వంటింట్లో చింతపండు పిసుకుతూ విన్నాను.

"మీ ఇంట్లోవాళ్ళ వయసెంతప్పా?"

"ముప్పై... ముప్పైనాలుగు రాసుకో."

"ఏమన్నా పని చేస్తారా?"

"పనేముండాది, ఇంట్లోనే."

భారత ప్రభుత్వం ఆ విధంగా రాసుకుని వెళ్ళిపోయింది. నాకప్పుడు ఇరవైతొమ్మిదిన్నర. నాలుగున్నరేళ్ళు పోతే పోయాయి, పెద్దరికం వచ్చింది కదా అనుకున్నాను. కానీ వయసుతో నాకు ఈ ఏడే అవసరం పడింది.

మే నెలలో ఒకరోజు పేపరు నా చేతికి వచ్చేసరికి అందులో ఒక కిటికీ ఉంది. కిటికీ కొత్త కాదు. మావారు దొరస్వామి వార్త కత్తిరించి, మైదా గంజితో ఆఫీసు నుంచి తెచ్చిన పాత రిజిస్టరులో అంటిస్తారు. ఆ కిటికీల వల్ల నాకు ఎన్ని లాభాలని! సీరియల్ కథల్లో ఎవరు చచ్చిపోయారో తెలియక అందరూ బతికే ఉన్నారని సంతోషంగా ఉంటాను. ఈసారి కిటికీకి పై అంచున మిగిలింది ఇంతే. 'చిత్తూరులోని బాలికల హైస్కూలు లైబ్రరీకి అసిస్టెంటు కావలెను. బి.ఏ. చదివిన స్త్రీలు మాత్రమే. జూలై ఒకటి నాటికి ముప్పై ఏళ్ళు నిండరాదు. దరఖాస్తులు పంపవలసిన చిరునామా...'

ఆ తర్వాత కిటికీ. కిటికీలోంచి మా పెరటి మునగచెట్టు కనిపించింది.

నాకు ముప్పై నిండేది ఆగస్టు పదకొండున. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది. డిగ్రీ పట్టా ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద పదకొండేళ్ళుగా నాఫ్తలీన్ వాసన పీలుస్తూ ఉంది. పక్కింటివాళ్ళ పేపరు అడిగితే అప్పటికే అందులో పకోడీలు కట్టేశారు.

రిజిస్టరు తీశాను. దొరస్వామి ఆరు వికెట్లూ చక్కగా అతుక్కుని ఉన్నాయి. చిరునామా వాటి వీపున ఉంది. మధ్యాహ్నం ఇడ్లీపాత్రలో నీళ్ళు మరిగించి ఆ పుటను ఆవిరికి పట్టాను. మైదా గంజి నెమ్మదిగా మెత్తబడింది. చిరునామా దొరికింది, దరఖాస్తు వెళ్ళింది. వార్తను మళ్ళీ యథాస్థానంలో అంటించాను. ఆవిరికి ఒక్క వికెట్ మాత్రం చెదిరి, ఆరు అయిదులా కనిపిస్తోంది. మావారు చూసి, తీసినవి అయిదైతే ఆరని ఎందుకు రాశావని కుప్పుస్వామికి ఘాటుగా ఒక ఉత్తరం రాశారు. కుప్పుస్వామి నొచ్చుకుని రెండు వారాలు కార్డు రాయలేదు. ఆ రెండు వారాలూ దొరస్వామి భుజం సంగతి తెలియక మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

జూన్‌లో ఒక గురువారం కార్డు వచ్చింది. మావారు ఆత్రంగా అందుకున్నారు. నేను గడప దగ్గర నిలబడ్డాను. అత్తగారు చేటలో బియ్యం ఏరుతున్నారు.

"ఇరవయ్యో తేదీ శనివారం ఉదయం పది గంటలకు చిత్తూరులో ఎంపిక సంఘం ముందు హాజరు కావలెను," అని చదివి మావారు లేచి నిలబడ్డారు. "అమ్మా, సెలక్షనొచ్చినాది. చిత్తూరులోనే. మన కండ్ల ముందరే."

అత్తగారు చేట దించి రెండు చేతులూ జోడించారు. "ఆ కషాయమేరా నాయనా," అన్నారు.

"పేరు కూడా చదవండి," అన్నాను.

ఆయన కార్డు తిప్పారు. "శ్రీమతి బి. పంకజాక్షి, బి.ఏ. ..." అని ఆగి, నొసలు ముడిచారు. "ఎవురీ పంకజాక్షి? యా ఊరు?"

పదకొండేళ్ళుగా నన్ను 'ఏమే' అనే పిలుస్తున్న మనిషిని తప్పుపట్టడానికి లేదు. గడప దగ్గరే నిలబడి చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆయన ముఖంలో వెలుతురు మెల్లగా వచ్చింది. కార్డు మళ్ళీ మొదటినుంచి చదివారు. వయోపరిమితి దగ్గర ఆగారు.

"నీకు ముప్పై నిండలేదా?"

"ఆగస్టు పదకొండుకు నిండుతాయి."

"ఎన్ని గంటలకు?" అన్నారు మావారు.

చూశారా! ఆ క్షణం నుంచి నేనూ ఆయన గమనించదగిన మనిషినయ్యాను. రిజిస్టరులో నాకో పుట తెరిచారు. చిత్తూరు బస్సులో గ్లూకోజు నీళ్ళు తాగించారు. లోపలికి పిలిచేముందు, "భుజం రెండుసార్లు తిప్పి పో. బిగుసుకోని పోతే మొదటి ఓవర్లోనే తప్పులొస్తాయి," అన్నారు. తిప్పాను. తక్కిన అభ్యర్థినులు దీన్ని లైబ్రరీకి సంబంధించిన విద్య అనుకున్నారో ఏమో, ఇద్దరు తామూ తిప్పారు.

ఎంపిక సంఘంలో ముగ్గురు పెద్దమనుషులు. నేను పుస్తకాల వర్గీకరణ అంతా వల్లించుకుని వెళ్ళాను. వాళ్ళు అడిగినవి వేరు. రోజూ తిరుపతి నుంచి వస్తారా? మరి వంటెవరు చేస్తారు? పిల్లలకు జ్వరమొస్తే? అత్తగారు ఒప్పుకున్నారా? మీవారు? మావారు కిటికీ అవతల నిలబడి గడ్డం పైకెత్తమని సైగలు చేస్తున్నారని చెప్పాను. సంఘం తిరిగి చూసింది. మావారు నమస్కారం పెట్టారు.

వారానికి ఫలితం తెలిసింది. ఉద్యోగం కుమారి చంద్రకాంతకు. ఇరవైరెండేళ్ళు, చిత్తూరే, వండిపెట్టడానికి తల్లి ఉంది. నేను వెయిటింగ్ లిస్టులో మొదటిదాన్ని. ఆ జాబితా వచ్చే జూన్ దాకా చెల్లుతుంది. ఆ తర్వాత ఏ బడీ ఏ కిటికీలోంచీ నన్ను పిలవదు, ముప్పై దాటిపోతాయి కనుక.

నేను కాస్త డీలాపడ్డ మాట నిజం. మావారు పక్కన కూర్చున్నారు.

"రిజర్వంటే తక్కువనుకోవద్దే. దొరస్వామి రెండేండ్లు రిజర్వులోనే కూసున్న్యాడు. ముందరుండేవానికి చీలమండ బెణికినాక గదా వీన్ని లోపలికి పిలిసింది. మనం చేయాల్సిందొకటే. ముందరోళ్ళని గమనిస్తా ఉండాల."

మీరే చెప్పండి, ఇంత విలువైన మాట ఏ కాలేజీలో చెప్పారు నాకు? అందుకే ఈ వ్యాసం మొదట్లో అంత గట్టిగా చెప్పింది. ఇప్పుడు నేనూ ఒక యువతి అభివృద్ధిని శ్రద్ధగా గమనిస్తున్నాను. ఆ బడి ఎదురింట్లో వరలక్ష్మమ్మ అని మాకు దూరపు చుట్టం ఉంది. అన్నీ చెప్పి పంపుతుంది. చంద్రకాంత వేళకు వస్తోంది. ఆరోగ్యంగా ఉంది. ఒక సోమవారం రెండు తుమ్ములు తుమ్మింది. ఆశపడ్డాను. మంగళవారానికి తగ్గిపోయింది. వానాకాలం కదా, మెట్లు జారతాయనుకుంటే, బడివాళ్ళు గోనెపట్టాలు పరిచారట. ఎవరికి తోచిన పాడు ఆలోచనో!

ఛ, నేను అంత చెడ్డదాన్ని కాను. ఆ పిల్ల కాలు బెణకాలని కోరుకోను. చల్లగా పెళ్ళి కావాలని మాత్రమే కోరుకుంటున్నాను. ఉద్యోగం వరకు మన ఆడపిల్లకు ఆ రెంటికీ ఫలితం ఒకటే కదా!

కాబట్టి పాఠకులకు మనవి. కుమారి చంద్రకాంత మంచి పిల్ల, చామనఛాయ, కళ్ళు పెద్దవి, పుస్తకాలకు అట్టలు చక్కగా వేస్తుందట. మీ ఎరుకలో తగిన వరుడుంటే తెలియజేయండి. వాళ్ళది చిత్తూరుకు కనీసం మూడువందల మైళ్ళ దూరమై ఉండాలి. కోడలు ఉద్యోగం చేయడానికి వీల్లేదని పట్టుబట్టే కుటుంబమైతే ఆలస్యం చేయకుండా నాకు కార్డు రాయండి. అలాంటి కుటుంబాలు దొరకడం కష్టమని మాత్రం చెప్పకండి, నమ్మను.