అంబియా ఖాతూన్ అంగుష్ఠ విజయం

ఓ కీర్తన్‌ఖోలా నదీమతల్లీ, నీ అలల మీద ఆన! తొమ్మిదేళ్లు తుపాకీ నీడన బంగ్లాదేశాన్నేలిన సైన్యాధిపతి, ఢాకా వీధుల్లో పొంగిన జనసముద్రఘోషకు జడిసి గద్దె దిగిన మూడో నెలలో, బూరుగుచెట్లు రక్తవర్ణకిరీటాలు దాల్చిన ఫాల్గుణాన, పధ్నాలుగో దినాన, పార్లమెంటు ఎన్నికల పుణ్యవేళ, మా ఊరి బడి అనే రణరంగంలో జరిగిన మహాసంగ్రామం చెబుతాను, చెవులొగ్గండి. వరుసలో ఆమె వెనక నిలబడ్డది నేనే కనుక ఇందులో ఆవగింజంత అబద్ధం లేదు.

ఆ వీరనారి అంబియా ఖాతూన్. షట్పుత్రజనని, దశకుక్కుటపాలిని, ధాన్యకుట్టనధురంధర. సైన్యాధిపతి ఏలుబడిలో రెండుసార్లు ఓటుకు వెళ్లింది. రెండుసార్లూ "మీ ఓటు పడిపోయింది, ఇంటికి పోండి" అన్నారు. ఈసారి నా ముద్ర నేనే గుద్దుతానని భీషణప్రతిజ్ఞ పూనింది.

కానీ విధి వక్రించింది. అరటిపువ్వు తరిగేముందు చేతులకు ఆవనూనె పట్టించడం, మా ఆడవాళ్లు ఊపిరి మరచినా మరవనిది, ఓటు తొందరలో ఆ ఉదయం ఆమె మరచింది. అంతే! పుష్పనిర్యాసధారలకు పది వేళ్లూ అమావాస్యను అద్దుకున్నాయి.

మూడు గంటల నిరీక్షణఘోరతపస్సు తరువాత ఆమె బల్ల ముందు నిలిచింది. సిరాబుడ్డీసేనాని తొఫాజ్జల్ మాస్టారు ఆమె బొటనవేలు చూసి కనుబొమలు ముడిచాడు.

"వేలికి సిరా ఉందిగా చాచీ! మీ ఓటు పడిపోయింది. పక్కకి జరగండి."

మూడోసారీ అదే మాట! పిడుగు పడ్డ తాటిచెట్టులా క్షణం నిశ్చేష్టయై, మరుక్షణం ఆమె గర్జించింది.

"సిరా కాదు నాయనా, అరటిపువ్వు మరక! పది వేళ్లూ నల్లగానే ఉన్నాయి, పది ఓట్లు వేశానా?"

"క్రితంసారి ముప్పై వేసినోళ్లున్నారు చాచీ."

"క్రితంసారి మా ఆయనా వేశాడు మాస్టారూ! గోరీలోంచి లేచొచ్చి మరీ ఓటేసిపోయాడు. ఇల్లు ఇంత దగ్గరుందా, ఒక్కసారి తొంగి చూడలేదు! చచ్చినోడి ఓటు చెల్లింది, బతికున్న నన్నేమో తరిమారు. ఇవాళ కదిలేది లేదు."

"ఎవరో ఒకరు తొందరగా కదలండే, నా మోకాళ్లు పోతున్నాయి!" అని నేను వెనకనుంచి యుద్ధభేరి మోగించాను.

అప్పుడు, ఆహా, ఏమని చెప్పను! ఆమె దృష్టి డేగలా మాస్టారి గిన్నె మీద వాలింది. ఆవనూనె ఓడుతున్న మరమరాలు, పైన నిమ్మచెక్క!

"అయ్యో, నా ఫలహారం!"

ఆ ఆర్తనాదాన్ని లెక్కచేయక అంగుష్ఠాన్ని ఆ తైలసాగరంలో ముంచింది, నిమ్మచెక్కను చక్రాయుధంలా తిప్పింది, కొంగుతో మర్దించింది. ఎన్నికల సిరా నూనెకూ నిమ్మకూ లొంగదని మాస్టారికి తెలుసు. ఈ మరక లొంగింది. మబ్బు విడిచిన చంద్రుడిలా బొటనవేలు బయటపడింది.

మాస్టారు వంగి చూశాడు, నిట్టూర్చాడు, ఆ వేలికి తానే సిరా చుక్క దిద్ది ఓటు కాగితం అందించాడు.

"వెళ్లి గుద్దండి చాచీ. నా మరమరాలే పోయాయి."

"పోతే పోయాయిలే. సాయంత్రం ఇంటికి రా, అరటిపువ్వు కూర తిందువుగాని."

తెర వెనక ఠప్పుమన్న ముద్రాఘాతానికి బడి కిటికీలు కంపించాయని నా నమ్మకం. ఏ గుర్తు మీద గుద్దిందో నాకే చెప్పలేదు; నోట్లో మిగిలిన పళ్లెన్నో కూడా నాకు చెప్పే మనిషి!

ఆ సాయంత్రం అంబియా మళ్లీ నూనె, నిమ్మ పట్టి వేళ్లతో పోరాడింది. తొమ్మిది లొంగి తెల్లబడ్డాయి. పదోది, సిరా దిద్దిన ఆ బొటనవేలు, లొంగలేదు. కూర తింటున్న మాస్టారి ముక్కు ముందు దాన్ని జయధ్వజంలా నిలిపి ఆమె లోకానికి చాటింది:

"చూశావా నాయనా, ఇదీ సిరా అంటే!"